నిద్రపోతున్న పొరుగు నక్షత్రం

ఎక్స్-రేల మీద పని చేస్తున్నానని చెబితే మా వీధిలో చాలామంది నాకు ఆసుపత్రిలో ఉద్యోగం అనుకుంటారు. ఒకావిడ తన మోకాలి ఫిల్ము తెచ్చి చూడమని కూర్చుంది. నేను బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతానని, మిగిలిన సమయంలో చచ్చిపోయిన నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్-రేలను లెక్కపెడతానని చెప్పాను. "చచ్చిపోయినవాటికి ఎక్స్-రే ఎందుకమ్మా?" అంది. నాకు చిరాకు త్వరగా వస్తుంది గానీ ఆ ప్రశ్నకు మాత్రం రాలేదు. యూనివర్సిటీలో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు.

చచ్చిపోయిన నక్షత్రం అనడం కూడా పూర్తిగా నిజం కాదు. పెద్ద నక్షత్రం పేలిపోయాక మధ్యలో మిగిలే గుండును న్యూట్రాన్ నక్షత్రం అంటారు. సూర్యుడి కంటే బరువు ఎక్కువ. కానీ దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే ఒక అంచు బందరులో, రెండో అంచు ఇరవై కిలోమీటర్ల అవతల కవుతరం దగ్గర ఉంటాయి, అంతే. పక్కన తిరిగే తోడు నక్షత్రం నుంచి అది వాయువును లాక్కుని ఒంటిమీద పేర్చుకుంటుంది. గంటల తరబడి పేరుకున్నాక ఆ పొర ఒక్కసారిగా అంటుకుంటుంది. ఒక సెకనులో మంట లేస్తుంది, అర నిమిషంలో చల్లారుతుంది. దాన్నే ఎక్స్-రే విస్ఫోటం అంటాం. ఆ కిరణాలు మన గాలిని దాటి నేలకు రావు కాబట్టి ఉపగ్రహం మీద ఉన్న పరికరమే వాటిని పట్టుకోవాలి. పట్టుకున్న లెక్కలన్నీ కొన్నాళ్లకు అందరికీ అందుబాటులో పెడతారు. నేను వాటిని లాప్‌టాప్‌లోకి దింపుకుని చూస్తాను. ఇన్నేళ్లలో నేను టెలిస్కోపులో కన్ను పెట్టింది లేదు.

ఇందులోకి నన్ను దించింది మాస్టారు. గుడివాడలో నాకు డిగ్రీలో ఫిజిక్సు చెప్పినవారు, పుట్టింది దివిసీమలో. రిటైరై చాలా ఏళ్లయింది. తోటి పెన్షనర్లు పార్కులో కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటే ఈయన ఇంట్లో కూర్చుని ఉపగ్రహాల సమాచారం చదవడం సొంతంగా నేర్చుకున్నారు. నా పీహెచ్‌డీకి యూనివర్సిటీలో గైడు వేరే ఉన్నారు. ఫారాల మీద సంతకం ఆయనది, నేను రాసింది చదివేది మాస్టారు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే బందరులో ప్యాసింజరు ఎక్కి గుడివాడలో దిగి, ఆయన ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం బండికి తిరిగి వస్తున్నాను.

మాస్టారికి ఒక పద్ధతి ఉంది. ఆయన తమ్ముడొకాయన బందరు కోర్టులో గుమాస్తాగా చేశారు. ఆ మాటలు ఈయనకు అంటుకున్నాయి. విస్ఫోటం కనపడిందని నేను చెబితే ముందు సంతోషించరు. "ముద్దాయిలెవరు?" అంటారు. లెక్కల్లో ఒక ముల్లు పైకి లేచిందంటే అది విస్ఫోటమే కానక్కరలేదు. ఎక్కడి నుంచో వచ్చి పరికరాన్ని గుద్దిన కణాలు కావచ్చు, పరికరంలోని లోపం కావచ్చు, సూర్యుడు కావచ్చు, చుట్టుపక్కల ఉన్న ఇంకో నక్షత్రం కావచ్చు. వాళ్లందరినీ ఒక కాగితం మీద వరసగా రాయాలి. ఒక్కొక్కరిని ఎందుకు వదిలేస్తున్నామో ఎదురుగా కారణం రాసి, చూసుకుని, ఇద్దరం సంతకం పెట్టాలి. ఒకే సంతకం ఉంటే ఆ ముద్దాయి ఇంకా బోనులో ఉన్నట్టే లెక్క. నాకు ఇది మొదట్లో చాదస్తంగా అనిపించేది. తర్వాత అది లేకుండా అడుగు వేయడానికి భయం వేసేది.

రెండేళ్ల కిందట నాకు ఒక విస్ఫోటం దొరికింది. అది మామూలుది కాదు. ఆ నక్షత్రం న్యూట్రాన్ నక్షత్రమో, బ్లాక్ హోలో తేలక ఈ రంగంలోవాళ్లు ఎప్పటినుంచో వాదులాడుకుంటున్నారు. బ్లాక్ హోలుకు ఒళ్లు లేదు, అంటే గట్టి ఉపరితలం లేదు. దాని మీద ఏదీ పేరుకోదు, కాలదు. కాబట్టి ఒక్క విస్ఫోటం చూపిస్తే చాలు, తగువు తీరిపోతుంది. ఎవరో ఏనాడో తీసి, ఎవరూ సరిగా చూడని పాత పరిశీలనలో ఆ ముల్లు నిటారుగా లేచి, నెమ్మదిగా దిగింది.

ఇబ్బంది ఒక్కటే. ఆ పరికరం ఫొటో తీయదు. వాననీళ్లకు డాబా మీద పెట్టిన బకెట్టు లాంటిది, ఎన్ని నీళ్లు పడ్డాయో తెలుస్తుంది గానీ ఏ మబ్బు కురిసిందో తెలియదు. రెండు పున్నమి చంద్రులు పక్కపక్కన పట్టేంత మేర ఆకాశం దానికి ఒకేసారి కనపడుతుంది. ఆ మేరలో ఒక అంచున ఇంకో న్యూట్రాన్ నక్షత్రం ఉంది. ఒకప్పుడు బాగా పేలినదే. కానీ ఆ పరిశీలన నాటికే చాలా ఏళ్లుగా దానికి వెలుగు లేదు. ముద్దాయిల జాబితాలో దాని పేరు రాసి ఎదురుగా "నిద్రలో ఉంది" అని రాశాను. సంతకం పెట్టాను.

నిద్రలో ఉన్న నక్షత్రం కూడా కొంచెం కొంచెంగా వాయువు పోగేసుకుని, ఏ హెచ్చరికా లేకుండా ఒకసారి పేలవచ్చు. అలాంటివి అరుదు, కానీ ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. మాస్టారికి నాకంటే బాగా తెలుసు. ఆ ఆదివారం ఆయన "చదివి వినిపించమ్మా" అన్నారు. గబగబా చదివాను. కాగితం అందుకుని, కిటికీ దగ్గర పట్టుకుని కాసేపు చూసి, సంతకం పెట్టి, "బాగుంది" అన్నారు. ఆ మాట నేను డిగ్రీ చదివిన మూడేళ్లలో ఒక్కసారి కూడా విన్నది లేదు. ఆ ఏడాది మాత్రం తరచుగా వింటున్నాను. నేను పనిమంతురాలినయ్యానని అనుకున్నాను.

మా ఇద్దరి పేర్లతో పేపరు పంపాం. నా థీసిస్ అంతా ఆ ఒక్క విస్ఫోటం చుట్టూ అల్లాను. గడువు పొడిగించడం అప్పటికే అయిపోయింది, జూన్ లోపల ఇవ్వకపోతే ఆరేళ్ల పని పోయినట్టే. అయినా నాకు దిగులు లేదు. బందరు లడ్డు తీసుకుని గుడివాడ వెళ్లాను. మాస్టారు షుగరు ఉన్న మనిషి కదా, ఆయన భార్య, నేను పిన్నిగారంటాను, ఆయనకు సగం మాత్రం పెట్టారు. ఆయన మందుల షాపులోనూ, పార్కులోనూ, కనపడినవాళ్లందరికీ "మా అమ్మాయి ఒక నక్షత్రం తగువు తీర్చింది" అని చెప్పుకున్నారట. మందుల షాపాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

మార్చిలో పేపరును పరిశీలించినవారి ఉత్తరం వచ్చింది. ఆ రోజు నేను ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినరుగా అవనిగడ్డ వెళ్లాను. పిల్లలు లోలకాలు ఊపుకుంటూ సెకన్లు లెక్కపెడుతుంటే ఫోనులో ఉత్తరం చదివాను. అంతా మెచ్చుకోలే. చివర ఒక్క ప్రశ్న: విస్ఫోటంలో మిణుకు కోసం వెతికారా?

న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు కొన్ని వందల సార్లు తిరుగుతుంది. మంట ఒక మచ్చలా మొదలైతే ఆ మచ్చ తిరుగుతూ ఉంటుంది కాబట్టి వెలుగు అంతే వేగంతో మిణుకుమంటుంది. ఏ నక్షత్రం వేగం దానిదే, అది దాని వేలిముద్ర. మిణుకు దొరికితే మా పేపరుకు ఇంకా బలం. చల్లపల్లి మీదుగా బస్సులో తిరిగి వస్తూ ఎలా వెతకాలో మనసులోనే లెక్కలు వేసుకున్నాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, పొద్దున పదింటికి ప్రోగ్రాం నడిపాను. గ్రాఫులో ఒక చోట సన్నగా, కానీ స్పష్టంగా, గీత పైకి లేచింది. సెకనుకు మూడు వందల పైచిలుకు. నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

అలాంటి వేగం ఇంకెవరికైనా ఉందేమో, పేపరులో రాయడానికి పనికొస్తుందని పట్టిక తెరిచాను. ఉంది. దశాంశాల దాకా అదే అంకె. దాని పక్కన రాసి ఉన్న పేరు నిద్రపోతున్న పొరుగు నక్షత్రానిది.

విస్ఫోటం మా నక్షత్రానిది కాదు. తగువు తీరలేదు. నా థీసిస్ నడుము విరిగింది. ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఆ గీత సన్నగా ఉంది కదా. "చెప్పుకోదగ్గ మిణుకు కనపడలేదు" అని ఒక్క వాక్యం రాస్తే పేపరు అచ్చయిపోతుంది, జూన్‌లో థీసిస్ ఇచ్చేయొచ్చు. అది పచ్చి అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ వాక్యం టైపు చేశాను. తుడిచేశాను. మళ్లీ టైపు చేసి, పంపకుండా ఉంచాను. ఆదివారం వచ్చేసరికి నాలో సిగ్గు పోయి కోపం మిగిలింది. తప్పు నా ఒక్కదానిది కాదు, నా సంతకం కింద ఆయన సంతకం ఉంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఏం చూసి పెట్టారు? బండి పెడన, గుడ్లవల్లేరు దాటే దాకా ఈ మాటలే కూడబలుక్కున్నాను.

మాస్టారు వరండాలో కుర్చీలో ఉన్నారు. "వచ్చావా అమ్మా, కూర్చో" అన్నారు. నేను కూర్చోలేదు.

"మిణుకు దొరికింది మాస్టారూ. ఆ వేగం పొరుగుదానిది. మనం వదిలేసిన ముద్దాయిదే విస్ఫోటం."

నేను సంచిలోంచి కాగితం లాగి ఆయన చేతిలో పెట్టాను. "చూడండి. నేనంటే ఆత్రంలో ఉన్నాను, సరే. కింద మీ సంతకం కూడా ఉందిగా. మీరేం చూసి పెట్టారండీ?"

ఆయన కాగితాన్ని వెలుతురు వైపు తిప్పారు. తల కొంచెం పక్కకు వంచి చాలాసేపు చూశారు. "అవునమ్మా, నా సంతకమే. నేనే సరిగా చూడలేదు" అన్నారు.

కాగితం తిరిగి తీసుకోబోయి చూశాను. అది ముద్దాయిల జాబితా కాదు. కోపంలో చేతికి ఏది తగిలితే అది లాగాను. అది అవనిగడ్డ పరీక్షల హాజరు పట్టీ. హాల్‌టికెట్ నంబర్లు, వాటి పక్కన పిల్లల సంతకాలు, కింద కాలేజీ ముద్ర. మాస్టారి సంతకం అందులో ఎక్కడా లేదు.

"మాస్టారూ, అది ఏం కాగితమండీ?" అన్నాను.

ఆయన దాన్ని మడతల ప్రకారం జాగ్రత్తగా మడిచి నాకిచ్చారు. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఇంక చెప్పేయండి. ఎన్నాళ్లని దాస్తారు?" అన్నారు.

షుగరు కళ్లకు ఎక్కింది. విజయవాడ తీసుకెళ్లి కంట్లో సూదులు వేయించారు. చూపు అంచుల్లో నిలబడింది, మధ్యలోది పోయింది. "నడుస్తాను, అన్నం తింటాను, గొంతును బట్టి మనిషిని పోల్చుకుంటాను. నడి మధ్యలో మచ్చమ్మా" అన్నారు మాస్టారు. "నీ వైపు చూస్తే నీ భుజాలు కనపడతాయి. మొహం కనపడదు. ఏడాది దాటింది."

అప్పుడు కూర్చున్నాను. ప్రతి ఆదివారం నేను ఆ మనిషి ఎదురుగానే కూర్చున్నాను. చదివి వినిపించమంటే, తప్పులు చెవికి బాగా తెలుస్తాయని కాబోలు, ఇది కూడా ఆయన పద్ధతే అనుకున్నాను. గ్రాఫు ఇస్తే "నువ్వే చెప్పు, ఏం కనపడుతోంది?" అనేవారు. నన్ను పరీక్షిస్తున్నారనుకుని ఉత్సాహంగా చెప్పేదాన్ని. కోటి కోటి మైళ్ల అవతల ఒక మచ్చ తిరుగుతోందని కనిపెట్టినదాన్ని, రెండడుగుల దూరంలో ఉన్న కళ్లను చూడలేదు. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే కాగితాలు తేవడం మానేస్తావు. మర్యాదకి వస్తావు. పళ్లు పెట్టి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్తావు. అలాంటి ఆదివారాలు నాకొద్దనిపించింది."

"మీ మాట నమ్ముకుని నేను పేపరు పంపాను మాస్టారూ. నా థీసిస్ పోయింది." గట్టిగానే అన్నాను. పిన్నిగారి మొహం చిన్నబోయింది. ఆయన మాత్రం తల ఊపారు, అవును అన్నట్టు.

కోపం ఖర్చయిపోయాక నా సంగతి కూడా చెప్పాను. నేను టైపు చేసి ఉంచిన వాక్యం చదివి వినిపించాను. ఈసారి గబగబా చదవలేదు. ఆయన విని, "దాచడం సులువేనమ్మా" అన్నారు. "ఏడాదిగా చేస్తున్నాను కదా. గేటు చప్పుడు వినపడితే చాలు, ఇవాళ బయటపడుతుందేమోనని భయం. నువ్వు రావాలని వారమంతా ఎదురుచూసి, నువ్వు వచ్చేసరికి భయపడేవాణ్ణి."

ఆ మధ్యాహ్నం అక్కడే, ఆయన ఎదురుగా, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాసి పంపాను. తన పేరు తీసేయమన్నారు. తీయనన్నాను. చూడనివాడి పేరు ఉండకూడదని ఆయన, చూసి కూడా తప్పు రాసినదాని పేరు ఉండగా మీ పేరు ఉంటే తప్పేమిటని నేను. పిన్నిగారు వచ్చి ఇద్దరినీ భోజనానికి లేపారు. ఉత్తరంలో రెండు పేర్లూ ఉన్నాయి.

జూన్ దాటిపోయింది. అర్జీలు పెట్టి, సంగతంతా రాసి, యూనివర్సిటీ చుట్టూ తిరిగితే చివరికి ఇంకో ఏడాది ఇచ్చారు. మాస్టారి కళ్లు పోయిన దగ్గర్నుంచి ఇద్దరం సంతకం పెట్టిన జాబితాలన్నీ ఒక్కదాన్నే కూర్చుని తిరగేశాను. ఇంకో రెండింటిలో తప్పులు దొరికాయి, చిన్నవే. నిద్రలో ఉన్న నక్షత్రం ఏళ్ల తర్వాత ఒక్కసారి పేలింది అన్నదే ఇప్పుడు నా థీసిస్. తగువులు తీర్చేంత పెద్ద మాట కాదు. మందుల షాపాయన ఇప్పుడు నన్ను చూసి లేవడు.

ఆదివారాలు మానలేదు. కానీ నిజం బయటపడ్డాక అంతా చక్కబడిందని చెబితే అది మళ్లీ అబద్ధమే అవుతుంది. మాస్టారు మెత్తబడిపోయారు. నిదానంగా చదివి వినిపిస్తాను, అంతా వింటారు, చివర "నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా" అంటారు. కావాలని ఒకసారి తప్పు లెక్క చదివాను. ఆయనకు తెలిసింది, నుదురు ముడిపడింది. అయినా ఏమీ అనలేదు. నా ఏడాది పాడు చేశానన్న బాధతో నన్ను దేనికీ కాదనలేకపోతున్నారు. ఆయన కళ్లు పోయినందుకంటే దీనికే నాకు ఎక్కువ దిగులు వేసింది. థీసిస్‌కు ఇంకో ఏడాది దొరికింది గానీ ముద్దాయిలెవరని అడిగే మనిషి నాకు ఇంకొకరు దొరకరు.

సెకనుకు మూడు వందల మిణుకులంటే అది చెవికి అందే స్వరమే. ఆ సంగతి కొత్తదేమీ కాదు, నాకే ఆలస్యంగా తట్టింది. మిణుకు ఉన్న ఆ కొద్ది సెకన్లలో వచ్చిన ఒక్కొక్క ఎక్స్-రే కిరణాన్నీ ఒక్కొక్క టిక్కుగా మార్చి, ఒక నిమిషం పాటు మళ్లీ మళ్లీ వినపడేలా ఫైలు తయారుచేశాను. గ్రాఫులో కనపడనిది ఆయన చెవులకైనా అందాలని. నేను విన్నాను. మొదట ఒట్టి హోరు. పది పదిహేను సార్లు విన్నాక దాని అడుగున సన్నటి స్వరం ఒకటి ఉందనిపించింది. థీసిస్‌లో ఒక వాక్యం కూడా రాసుకున్నాను, మిణుకును ధ్వనిగా మార్చినప్పుడు ఇద్దరు శ్రోతలు విడివిడిగా గుర్తించారని.

ఆదివారం మధ్యాహ్నం ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మీట నొక్కాను. ఆయన కళ్లు మూసుకున్నారు. మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి కూడా విన్నారు. పిన్నిగారు చేతిలో పని ఆపి చూస్తున్నారు. ఆయన నవ్వుతారని, విన్నానమ్మా అంటారని నేను ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

"చిన్నప్పుడు పాలకాయతిప్పలో సముద్రం ఇలాగే వినపడేది" అన్నారు. "ఒకటే హోరు. స్వరం లేదమ్మా ఇందులో."

"సన్నగా ఉంటుంది మాస్టారూ, అడుగున. ఇంకొక్కసారి వినండి."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి, తడుముకుని, నా చేతిలో పెట్టారు. "మూడుసార్లు విన్నాను. లేదు. నీకు వినపడిందంటే ఉండాలని అనుకున్నావు కాబట్టి వినపడింది. రాశావా అప్పుడే?"

"రాశానండీ."

"కొట్టెయ్యి" అన్నారు.

రెండేళ్లలో ఆయన నా పనిని కాదనడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది. అది ఆయనకు కనపడదు కదా అని కళ్లు తుడుచుకోకుండానే వాక్యం కొట్టేశాను.